బడిలో పెరిగిన వయసు

లాక్‌డౌన్ సడలించిన కొత్తలో, ఈ పరాయి దేశంలో మేముండే లూకన్ శివారు నుంచి సిటీకి వెళ్తున్న బస్సులో ప్రయాణికులం సీటు విడిచి సీటు కూర్చున్నాం. నేను ఫోన్లో తెలుగు మాట్లాడడం విని, వెనక సీట్లోని పెద్దావిడ పలకరించింది. పక్షవాతంతో ఆమె కుడిచెయ్యి ఒళ్లో కదలకుండా పడి ఉంది.

"డిజేబిలిటీ అలవెన్సు అడిగితే, అరవై ఆరు నిండినయి, ఇగ రాదన్నరు బిడ్డా. నాకు నిజంగ అరవై నాలుగే. చిన్నపిల్లను బళ్లె చేర్చుకునేటందుకు సారు రెండేండ్లు ఎక్కువ రాసిండు. పాస్‌పోర్టుల గదే ఎక్కింది."

"ఆ సంగతి వాళ్లకు చెప్పారా ఆంటీ?"

"చెప్పిన. ఆఫీసు ఫోన్ల పిల్ల మంచిగనే మాట్లాడింది. సారీ లవ్, పాస్‌పోర్టుల ఉన్నదే వయసు అన్నది. నేనెప్పుడు పుట్టిన్నో మా అమ్మకు ఎరుక. అమ్మ లేకపాయె."

"సదువుకున్నోనివి గద, ఏదన్న తోవ ఉంటదా?" అని అడిగింది.

కనుక్కుని చెబుతాననబోయి, ఆ మాట ఆమె ఇప్పటికే చాలామంది నోట విని ఉంటుందనిపించి ఊరుకున్నాను.

ఆమె దిగాల్సిన చోటు దగ్గర పడింది.

"జర బెల్లు కొట్టు బిడ్డా," అంది.

కొట్టాను. ఎడమచేత్తో కడ్డీ పట్టుకుని, మెల్లగా దిగి వెళ్లిపోయింది. ఆమె అడిగినవాటిలో నేను చేయగలిగింది అదొక్కటే.