లిఫ్టు గురించి నేనన్న మాట

ఈ మాట ఇన్నేళ్ళూ గొంతుదాకా వచ్చి ఆగిపోతూనే ఉంది. మా ఆయనకు చెప్పలేదు. అమ్మ బతికుండగా ఆమెకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. బహుశా అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

నేను పుట్టి పెరిగింది జంషెడ్‌పూర్‌లో, బిర్సానగర్‌లో. మా నాన్న విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడి ఉక్కు ప్లాంటులో కాంట్రాక్టు కూలీగా చేరాడు. రేకుల ఇల్లు. పక్కవాటాలో పైడమ్మత్త ఉండేది. చుట్టరికం ఏమీ లేదు, పిలుపే చుట్టరికం. అమ్మకు కామెర్లు ముదిరి ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆమె నన్ను తన పిల్లల మధ్య పడుకోబెట్టుకుంది. జడలు వేసి బడికి పంపేది. ఆ రోజుల్లో వాళ్ళకే తిండికి కటకటగా ఉండేదని నాకు పెద్దయ్యాక గాని తెలియలేదు.

నేను చదువుకున్నాను. బ్యాంకు ఆఫీసరును పెళ్ళి చేసుకున్నాను. అదే ఊళ్ళో సిద్ధగోరాలో నాలుగో అంతస్తులో ఫ్లాటు కొనుక్కున్నాం. అక్కడ ఎవరైనా అడిగితే, మా నాన్న ప్లాంటులో పనిచేసేవారని చెప్పి ఊరుకునేదాన్ని. అబద్ధం కాదు. కానీ విన్నవాళ్ళు ఆయన్ని ఏ కుర్చీలో కూర్చోబెట్టుకుంటారో తెలిసే అలా అనేదాన్ని.

కొన్నాళ్ళకు మా పై ఫ్లాటులో పనికి పైడమ్మత్త వచ్చింది. లిఫ్టు తలుపు తెరుచుకోగానే ఎదురుగా ఆమె. నా పక్కన ఇరుగుపొరుగు ఆడవాళ్ళు. ఆమె నన్ను గుర్తుపట్టింది. ఒక్క క్షణం చూసి, "నమస్తే మేడమ్" అని తల వంచుకుని ఒక మూలకు ఒదిగింది. చిన్నప్పుడు నన్ను 'ఏటి గుంటా' అని ముద్దుగా పిలిచిన మనిషి. నేను అడగకుండానే నా గుట్టు దాచింది. నాకు కృతజ్ఞత కలగాలి కదా? భయం కలిగింది. నా గతం ఒకరి చేతిలో ఉందన్న భయం. ఆ చెయ్యి ఎంత మంచిదైతే నాకేం?

ఎవరూ లేనప్పుడు మాత్రం తెలుగులో పలకరించేది. అమ్మ ఎలా ఉందని అడిగేది. ఒకసారి అలా మాట్లాడుతుంటే ఎదురు ఫ్లాటావిడ విన్నది. ఆ సాయంత్రం నవ్వుతూ అడిగింది, ఆమె మీ వాళ్ళా, ఇద్దరి మాటా ఒకేలా ఉందే అని. ఊరికే అడిగి ఉంటుంది. నాకు ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు.

తర్వాతి ఆదివారం అపార్ట్‌మెంటు వాళ్ళందరం కింద పార్కింగులో సమావేశమయ్యాం. లిఫ్టు మాటిమాటికీ పాడవుతోందన్న మాట వచ్చింది. అప్పుడు నేను నోరు విప్పాను. పనివాళ్ళు బకెట్లతో ఎక్కడం వల్లే ఇలా అవుతోంది, వాళ్ళను మెట్ల మీదనుంచి రమ్మంటే సరి అన్నాను. అక్కడితో ఆగలేదు. లిఫ్టులో వాసన కూడా వస్తోంది అన్నాను. అందరూ నావైపు చూశారు. తరతరాలుగా సాక్చీ బజారులో వ్యాపారమున్న ఇంటి పెద్దావిడ ఒకరు, పోనీ పాపం, మోకాళ్ళ నొప్పులుంటాయి, ఎక్కనివ్వండి అంది. ఆవిడ అనగలదు. ఎవరి పక్కన నిలబడినా ఆవిడను పనిమనిషి అనుకునేవాళ్ళు లేరు. నా సంగతి అలా కాదు. నాకు ఆ వాసన తెలుసు. ఆవనూనె, బొగ్గుల పొయ్యి, తడి గుడ్డలు. ఆ వాసనలోనే పెరిగాను. అది నా ఒంటిమీద ఇంకా ఉందేమోనని భయపడేదాన్ని నేనొక్కదాన్నే అక్కడ. ఆ పెద్దావిడ మాట సాగనివ్వకుండా మళ్ళీ నేనే గట్టిగా పట్టుబట్టాను. అందరూ సరేనని చేతులెత్తారు. పనివాళ్ళు ఎక్కరాదని లిఫ్టు పక్కన హిందీలో బోర్డు పెట్టారు.

ఆ వానాకాలం ఐదో అంతస్తు నుంచి చెత్తబుట్ట పట్టుకుని దిగుతూ, జల్లు కొట్టి తడిసిన మెట్ల మీద పైడమ్మత్త జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది గాని మళ్ళీ సరిగా నిలబడలేదు.

చూడటానికి వాళ్ళింటికి వెళ్ళాను. పళ్ళు తీసుకెళ్ళాను. ఆమె మంచం మీద నుంచి చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకుంది.

"రావేటనుకున్నాను. వచ్చావు," అంది. తర్వాత గొంతు తగ్గించి, "లిఫ్టు ఎక్కొద్దన్న రోజున నువ్వు అడ్డు సెప్పే ఉంటావమ్మా. నాకు తెల్దేటి? ఆ పెద్దోళ్ళ మద్దెన నీ మాట ఎవులింటారు," అంది.

పళ్ళ సంచీని మంచం పక్కన సర్దాను.

"దానికి నువ్వేటి బాద పడకు," అంది మళ్ళీ.

అప్పుడైనా చెప్పొచ్చు. ఒక్క మాట. నేనే అన్నానత్తా అని. ఆమె కోడలు గ్లాసు తెచ్చి, "చాయ్ లీజియే ఆంటీ" అంది. తీసుకుని తాగాను. బాగుందని కూడా అన్నాను.

ఎందుకు చెప్పలేదు? ఆమె మనసు విరిగిపోతుందని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. నిజం అది కాదు. ఈ లోకంలో నేను మంచిదాన్నని పూర్తిగా నమ్మే మనిషి ఆమె ఒక్కతే. ఆ నమ్మకం నాకు కావలసి వచ్చింది. ఆమె నడకను తీసుకున్నది చాలక దాన్ని కూడా ఉంచుకున్నాను. ఉన్నవాళ్ళు గర్విష్ఠులని చిన్నప్పుడు మా వాడలో అనుకునేవాళ్ళం. నాది గర్వం కూడా కాదు. గర్వమున్నవాళ్ళు అంత భయపడరు.

పైడమ్మత్త ఇంకా ఉంది. అదే మంచం మీద. మా ఇంటి నుంచి ఆటో ఎక్కితే ఎంతో సేపు పట్టదు. ఆ తర్వాత నేను వెళ్ళలేదు. ఇది చదివి వెళ్ళి చెప్పమంటారేమో. వెళతానని మాటివ్వలేను. ఇచ్చినా నమ్మకండి.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. ఇన్నాళ్ళూ లోపల ఒక్కదాన్నే వింటూ వచ్చిన మాట బయట ఒకరి చెవిన పడాలి, అంతే. పైడమ్మత్తను ఆ మెట్ల మీదకు పంపింది నేనే.