పేగు మీద తెల్ల దారాలు

మా అక్క ఒటీలీకి ఉన్నంత కుళ్ళు జర్మనీలో మా థురింగియా కొండల్లో ఇంకెవరికీ లేదు. అక్క కదా అని వెనకేసుకు రావడం నా వల్ల కాదు. ఎదురింటివాళ్ళ రొట్టె బాగా పొంగిందంటే ఆ పూట ఆమెకి ముద్ద దిగదు. నా జుట్టు ఇంకా నెరవలేదని నా మీద కూడా ఏడుస్తుంది. సొంత చెల్లెల్ని, ఏం చెప్పమంటారు.

ఒక్క పనిలో మాత్రం ఆమె ఎవర్నీ చూసి ఏడవక్కర్లేదు. చలికాలంలో ఏ ఇంట్లో పందిని కోసినా పేగులు కడగడానికి అక్కనే పిలవాలి. ఇరవై రెండేళ్ళుగా అదే. నేను వేడినీళ్ళు అందిస్తాను, తిట్లు తింటాను. ఇరవై గజాల చిన్నపేగుని చిల్లు పడకుండా తిరగేసి, చెక్క మీద పరిచి, చెంచా వీపుతో లోపలి నూగంతా గీకేస్తుంది. ఆ నూగునే బళ్ళో పిల్లలకి చూషకాలని చెప్తారట. అక్క ఎన్నాళ్ళు బడికెళ్ళిందో నాకు తెలుసు. అయినా పేగు సంగతి ఆమెకి తెలిసినంత ఏ పంతులుకీ తెలీదు. పొట్టలోంచి దిగిన తిండిలో పైత్యరసమూ మిగతా రసాలూ కలిసి దాన్ని కరిగిస్తాయట. పిండీ మాంసమూ కరిగిన సారం ఆ నూగులోంచి నేరుగా రక్తంలోకి పోతుంది. కొవ్వుకి మాత్రం వేరే దారి. పేగుని పట్టి ఉంచే పలచటి పొరలో సన్నటి నాళాలుంటాయి. మీగడలాంటిది తిన్న మూడు నాలుగు గంటలకి అవి తెల్ల దారాల్లా పైకి తేలతాయి. కడుపు ఖాళీగా ఉంటే కంటికి ఆనవు.

మా వైపు కోతకి ముందురోజు మధ్యాహ్నం నుంచే పందికి నీళ్ళు తప్ప ఏమీ పెట్టరు. నిండు పేగు కంపు కొడుతుంది, ఊరికే చిరుగుతుంది, మాంసం కూరి సాసేజీలు చెయ్యడానికి పనికిరాదు. పంది ఆకలికి తెల్లార్లూ అరుస్తుంది. ఊరంతా దిండు చెవుల మీద పెట్టుకుని పడుకుంటుంది.

ఇక రోస్విత. అక్కవాళ్ళ పెరటిగోడకి అవతలి ఇల్లు. మొగుడు పోయి రెండేళ్ళయింది. ఏడుపు మొహం పెట్టుకుని ఉంటే అక్క కూడా జాలిపడేదేమో, ఆ మహాతల్లి ఎప్పుడూ నవ్వుతూ ఉంటుంది. మా బావ ఎవాల్డ్ ఆమె పొయ్యి గొట్టం బాగుచేశాడు, కంచెకి మేకులు కొట్టాడు, కట్టెలు చీల్చాడు. సొంతింటి తలుపు ఏడాదిగా కిర్రుమంటుంటే నూనె చుక్క వెయ్యలేదు. అక్క ఎప్పుడు నిలదీసినా, ఇరుగూపొరుగూ అన్నాక తప్పుతుందా అనేవాడు. అది పొరుగుతనమేనా, ఇంకేమైనానా? రెండేళ్ళుగా అక్కకి తెలియాల్సింది అదొక్కటే. ఆ కడుపుమంటతో మనిషి సగమైపోయింది.

డిసెంబరులో రోస్విత పందిని కోసే రోజు వచ్చింది. పొద్దున అక్క చూసుకుంటే మీగడ కుండ సగానికి దిగి ఉంది. పిల్లిని చీపురుతో వాయించింది. మా వీధిలో పాడి ఉన్నది అక్కవాళ్ళకే. మీగడ పోతే ఆమెకి ప్రాణం పోయినట్టే.

ఎనిమిదింటికి కసాయి ఎక్‌హార్ట్ పందిని నిచ్చెనకి వేలాడదీసి పొట్ట చీల్చాడు. పేగులు తొట్టిలోకి జారాయి. అక్క చెయ్యి పెట్టి ఆగిపోయింది. పొర నిండా తెల్ల దారాలు.

ఎక్‌హార్ట్ కూడా చూశాడు. పొద్దున దీనికేం పెట్టావమ్మా అని రోస్వితని అడిగాడు. నీళ్ళు తప్ప ఏమీ పెట్టలేదని ఆమె ఒట్టేసింది. నిజమే చెబుతోందని మొహం చూస్తేనే తెలుస్తోంది. అక్క ఆమె వంక చూడనే లేదు. వేడినీళ్ళ కెటిల్ పట్టుకుని నిలబడ్డ బావని చూస్తోంది. ఎవరూ ఏమీ అనకముందే బావ మీసం తుడుచుకున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని ఊరికే అన్నారా.

“ఇది నాలుగింటికి మీగడ తాగింది,” అంది అక్క. “ఎవరి మీగడ?”

బావ ఒప్పేసుకున్నాడు. పాలు పితకడానికి లేచాడట. గోడవతల దాని అరుపు వినలేకపోయాడట. గోడ దూకి గిన్నెడు పోసొచ్చాడట. రోస్వితకి ఈ సంగతే తెలీదట. మూగజీవం కదా అన్నాడు.

నాకైతే గుండె తేలికపడింది. ఓస్, ఇంతేనా అనుకున్నాను. పిచ్చిదాన్ని.

“మన పందులు ఇరవై రెండేళ్ళు అరిచాయి,” అంది అక్క. “ఒక్కనాడు లేచావా?”

బావకి అబద్ధమాడటం చేతకాదు. ఆ ఒక్కసారికి నేర్చుకుని ఉంటే బాగుండేది. నిజంగానే గుర్తు చేసుకుంటున్నవాడిలా కాసేపు ఆలోచించాడు.

“మనవాటి అరుపు నాకెప్పుడూ వినపళ్ళేదు, ఒటీలీ.”

రోస్విత మొహం ఎర్రబడింది. సూప్ చూడాలంటూ లోపలికి వెళ్ళిపోయింది. ఎక్‌హార్ట్ కత్తి నూరుకోవడం మొదలుపెట్టాడు. అక్క మాత్రం చెంచా అందుకుంది. అంత నిండు పేగునీ, ఆ కంపులో, ఒక్క చిల్లు పడకుండా కొస దాకా గీకింది. ఉప్పు పట్టించింది. చేతులు మూడుసార్లు కడుక్కుంది. పనివాళ్ళకి ఇచ్చే సూప్ గిన్నెని ముట్టుకోలేదు. నేనూ ముట్టుకోలేదు గానీ, ఆకలి మాత్రం దంచేసింది.

దారిలో ఓదార్చబోయాను. పాపం ఆమె తప్పేముందక్కా, ఆమె పిలవనే లేదు కదా అన్నాను.

అక్క నడుస్తూనే ఉంది.

“పిలిస్తే పోయాడని సర్దుకుందునే,” అంది. “పిలవకుండా పోయాడు.”