వలకి చిక్కిన పూల సంచి

ఈ రోజు పొద్దున్న గాజువాకలో మా చెరువు కాడ గొడవైంది.

ప్రతి ఆదివారం మా వీధోళ్లం నా పాత సేపల వల లాగి, నీళ్ల మీద తేలే చెత్త తీస్తాం. ఈ మధ్య జనానికి విసుగొచ్చింది. "మనం తీత్తాం, ఆళ్లు ఏత్తారు, ఎందుకు మావా?" అంటన్నారు. ఇవాళ వల సగం లాగామో లేదో, స్కూటరు మీదొచ్చిన ఒకాయన ప్లాస్టిక్ సంచీడు పూజపూలు మా ఎదరే నీళ్లలోకి విసిరాడు. మావోళ్లు లాగడం ఆపేసి నా మొహం చూశారు.

"ఏటి బాబూ ఇది?" అన్నాను.

"దేవుడి పూలు తాతా. కాళ్ల కింద పడకూడదు, నీళ్లలోనే కలపాలి."

"సంచితోనా?"

"చెరువేమన్నా నీదా?"

"నాది కాదు. అందుకే నా సంచి అందులో ఏయలేదు."

వల ఒడ్డెక్కించాం, ఆ పూల సంచీ అందులోనే వచ్చింది. సముద్రం మీద బతికినోళ్లం, వల ఒడ్డుకొచ్చాక ఎవరి వాటా ఆళ్లకిచ్చాకే ఇంటికెళ్తాం. "ఇది నీ వాటా" అని, నీళ్లు కారతన్న ఆ సంచి ఆయన స్కూటరుకే తగిలించాను.

"రేపు కూడా తెచ్చి వేస్తా" అన్నాడు.

"తే, రేపూ లాగుతాం!" అని నా కంటే ముందు మావోళ్లే అరిచారు.

నేను చేసింది తప్పంటారా? అనండి. కానీ వచ్చే ఆదివారం వచ్చి, తాడు పట్టుకుని అనండి.