దేవుడికి ముందే రాసిచ్చిన జుట్టు

నా నెత్తి మీద జరిగిన ఘోరం చెబుతాను. నవ్వండి, కానీ ఒకసారి మీ తల తడుముకుని నవ్వండి.

ముప్పై నిండకముందే నా నుదురు నడినెత్తిదాకా కబ్జా చేసింది. పెళ్లిచూపులకు టోపీతో పోలేం కదా! కర్నూల్లో జుట్టు నాటే డాక్టరు దగ్గరికి ఎగురుకుంటూ వెళ్లాను.

“వెనకవైపు జుట్టు మొండిదప్పా, రాలదు. మత్తుసూది వేసి, దాన్ని కుదురు కుదురుగా వేరుతోసహా తీసి, ముందర సన్నగాట్లు పెట్టి నాటుతాం.”

నందికొట్కూరు పక్కన మిరపనారు నాటే వంశం మాది. “నారుమడి వెనక, చేను ముందర! కానీండి సార్!” అన్నాను. ఆయన ఇంకేదో చెబుతున్నాడు. నాకు దువ్వెన తప్ప ఏదీ కనబడలేదు, వినబడలేదు.

నాట్లు ముగిశాయి. మూడో వారం తలంటుకుంటే చేనంతా చేతిలోకొచ్చింది! మా అవ్వ ముందు కూలబడ్డాను.

“పంట పోయిందే అవ్వా! మళ్లీ మొలిస్తే తొలిపంట మన ఇంటిదేవునికే ఇస్తా!”

“నిజంగానే అంటాండావా?”

“ఒట్టు!”

తర్వాత డాక్టరుకు ఫోన్ చేశాను.

“ఆపొద్దే చెప్పినా కదప్పా! నాటిన వెంట్రుక రాలిపోతాది, వేరు లోపలే ఉంటాది. మూడు నాలుగు నెలలకు మళ్లీ మొలుస్తాది.”

ఎలాగూ మొలిచేదాన్ని దేవుడికి రాసిచ్చేశాను! ఆలూ లేదు, జుట్టూ లేదు, గుండు మాత్రం ఖాయం.

ఏడాదికి నా తల కేసీ కాలువ కింది వరిమడి. ఫోటో చూసి కడప సంబంధం వాళ్లు ఆదివారం రమ్మన్నారు.

“మొక్కు తీర్చకుండా పిల్లను చూస్తావా?” అంది అవ్వ.

“కొత్త నాట్లవ్వా! కత్తి తగిలితే చస్తాయి!”

“డాక్టర్నే అడుగు. నాకూ వినపడేటట్ల పెట్టు.”

పెట్టాను. “నిమ్మళంగా గొరిగించుకోప్పా, వేర్లు శానా గట్టిగుండాయి,” అన్నాడు మహానుభావుడు.

ఆదివారం కడపలో, ఇత్తడి చెంబులాంటి గుండుతో కూర్చున్నాను. పిల్ల తండ్రి నన్ను తేరిపార చూశాడు.

“మొక్కా?”

“అవును మామా,” నోరు జారింది. లోపల పిల్ల కిసుక్కుమంది.

ఆయన ముఖం వెలిగిపోయింది. “ఫోటో చూసి విగ్గనుకుంటిమప్పా! ఇప్పుడు నమ్మకం కుదిరింది. విగ్గయితే దేవునికెట్లిస్తావు?”

కాలు జారితే నడుము పోతుంది, నోరు జారితే జుట్టు పోతుంది. కాబట్టి ఇకమీదట డాక్టరు మాట చివరిదాకా వినకుండా ఏ దేవుడికీ ఏదీ మొక్కనని, సాక్షాత్తూ ఆ ఇంటిదేవుడికే మొక్కబోయి, నాలుక కరుచుకుని, మీకు మాత్రమే మాటిస్తున్నాను.