బుజ్జికి వినపడింది, మహాలక్ష్మికి వినపడలేదు

ఈ రోజు మా హైటెక్ సిటీ ఆఫీసు మీటింగ్‌లో మేనేజర్ "మహాలక్ష్మి గారూ, క్లయింట్ డెమో మీరిస్తారా?" అని రెండుసార్లు అడిగారట. ల్యాప్‌టాప్‌లో మునిగిపోయిన నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. అప్పుడే తలుపు బయట హౌస్‌కీపింగ్ అక్క ఫోన్‌లో కూతురితో "బుజ్జీ, తిన్నవా?" అంది.

"ఆఁ, తిన్నానమ్మా" అన్నాను, గదంతా వినపడేలా. ఇంట్లో నేనూ బుజ్జినే.

నవ్వులయ్యాక డెమో ఇంకొకరికి ఇవ్వబోయారు. "లేదండి, నేనే ఇస్తాను" అన్నాను.

చెవులు అన్నీ వింటాయి, లోపలికి ఏది రానివ్వాలో బుర్ర చూసుకుంటుంది. దానికి ఆఫీసులో నా పేరు నేర్పించి తీరతాను. డెమో అయ్యేదాకా ఇంట్లో కూడా మహాలక్ష్మి గారూ అనే పిలవమని మా ఆయనకి గట్టిగా చెప్పాను.

ఆయన ఫోన్ చూస్తూ "ఊఁ, సరే బుజ్జీ" అన్నారు.

మీరు ఏ పేరుకి పలుకుతారు?