అక్క పెళ్లికి నేను తెచ్చిన మన్ను

తొంభైల మొదట్లో, బందరు కాలేజీలో డిగ్రీ చదివే కాలంలో, నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. తెలియనివన్నీ మూఢనమ్మకాలే. చర్చావేదిక మీద నేను లేచానంటే శకునాలు, ముహూర్తాలు, వాస్తు వరసగా నేలకూలేవి (కూలాయని నేననుకునేవాణ్ణి, శ్రోతలు బస్సు టైం చూసుకునేవారు). అలాంటి నన్ను పట్టుకుని, దివిసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న మా పెద్దమ్మగారి ఊళ్లో, ఆవిడ కూతురు, మా అక్క పెళ్లికి పుట్టమన్ను తెమ్మని పంపారు.

మా వైపు పెళ్లికి కొద్దిరోజుల ముందు పాలికలు పెడతారు. మట్టి మూకుళ్లలో పుట్టమన్ను పోసి, నవధాన్యాలు చల్లి, ముత్తయిదువలు నీళ్లు పోస్తారు. అవి పచ్చగా మొలిస్తే కాపురం పచ్చగా ఉంటుందని నమ్మకం. నాకు ఒళ్లు మండింది. పుట్ట మన్నయితేనేం, గట్టు మన్నయితేనేం? పుట్టదాకా పోకుండా ఉప్పుకాలవ గట్టు మీదే సైకిలాపి సంచి నింపేశాను. మొలకలొచ్చాక పెళ్లివారందరి ముందూ లేచి, ఇది పుట్టమన్ను కాదని ప్రకటించాలని నా పథకం. ఆ గట్టంతా తెల్లగా ఉప్పు పూసి ఉందన్న సంగతి నా కంటికి ఆననే లేదు.

పెళ్లి రెండు రోజులుందనగా చూస్తే, వడ్లు అక్కడక్కడా ముక్కు బయటపెట్టాయి. మినుములు, పెసలు, అలసందలు మాత్రం చల్లినవి చల్లినట్టే ఉన్నాయి. పెద్దమ్మ మొహంలో నెత్తుటి చుక్క లేదు. "పెళ్లికొడుకు తల్లికి ఇలాంటివి మహా పట్టింపంట. వస్తూనే పాలికలే చూస్తుందంట. ఏం చెప్పేదిరా నేను?"

అక్క నన్ను పెరట్లోకి లాక్కెళ్లింది. "మన్ను ఎక్కడిదిరా?"

చెప్పాను.

"నోట్లో వేసుకో."

"అక్కా..."

"వేసుకోమంటున్నానా!"

వేసుకున్నాను. నోట్లోకి సముద్రం వచ్చింది.

"బావుందా? నాకు నచ్చినవాడికి నన్నివ్వమని నాన్నని ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడావిడ కాదని లేచెళ్లిపోతే, నువ్వు చేసుకుంటావా ఆ కాపురం?"

మన్నులో ఉప్పు ఎక్కువైతే నీళ్లు గింజలోకి ఎక్కవు. చుట్టూ తడి ఉన్నా గింజ దాహంతోనే చచ్చిపోతుంది. వరి కాస్త ఓర్చుకుంటుంది గాని, పెసర, మినుము లాంటి పప్పుజాతులు ఓర్చుకోలేవు. ఇది నేను పరీక్షలో బొమ్మ వేసి మరీ రాసిన పాఠం. తెలియక చేసుంటే కొంత ఊరట ఉండేది! సిగ్గుతో ఎవరి మొహమూ చూడలేక, డబ్బాలో మిగిలిన పెసలు తీసి మంచినీళ్లలో నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టాను.

పెళ్లిరోజు గుడివాడ నుంచి మగపెళ్లివారు దిగారు. పెళ్లికొడుకు తల్లి కాళ్లు కడుక్కుని తిన్నగా పాలికల దగ్గరికెళ్లి, అక్కడే ఆగిపోయింది. పెద్దమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను మూట పట్టుకుని ముందుకెళ్లాను.

"అత్తయ్యగారూ, ఇది అపశకునం కాదండీ, ఉప్పండీ. ఉప్పుకాలవ గట్టు మన్ను నేనే తెచ్చానండీ. అవే పెసలు మంచినీళ్లకి ఎలా మొలిచాయో చూడండి." రుజువు కోసం చిటికెడు మన్ను నోట్లో వేసుకున్నాను కూడా (అప్పటికి అలవాటైపోయింది).

ఆవిడ మొలకలు చూసింది. మన్ను నాలిక్కి తగిలించుకుని తుపుక్కున ఉమ్మింది. "ఉప్పే. గింజకేం, బంగారంలా ఉంది. పెళ్లి కానివ్వండి వదినగారూ" అని పెద్దమ్మతో చెప్పి, నావైపు తిరిగింది. "అబ్బాయ్, శకునాలు లేవని ఉపన్యాసాలిచ్చేది నువ్వేనంటగా? లేని అపశకునాన్ని సైకిలు మీద మోసుకొచ్చి మరీ పెట్టావు కదయ్యా!"

పందిరి ఘొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్వింది అక్కే, పెళ్లికూతురన్న మాట కూడా మరిచిపోయి.

శకునాలు అబద్ధమని ఇప్పటికీ రాస్తాను, రేపూ రాస్తాను. రాసే ముందు మాత్రం ఆవిడ మాట ఒకసారి గుర్తుచేసుకుంటాను. ఆ పందిట్లో చెవులెర్రబడి నిలబడ్డ కుర్రాడు ఇప్పుడెక్కడైనా ఎదురైతే వాదనకి దిగను. ముందు నోరు పుక్కిలించుకోమని చెంబెడు మంచినీళ్లిస్తాను.