మిరప మంటేనన్నాడు మాబు

పొదిలి వైపు మిరప కల్లాల్లో కాయలు కొనే మాబు పేరెత్తితే రైతులు నవ్వుతారు. బస్తాలో పై కాయ చూసి సరేననే రకం కాదు. మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు కాయ లాగి, విరిచి చూస్తేగాని నోరు విప్పడు. మనుషుల్నీ అంతే. తన కిడ్నీ ఇచ్చి బతికించిన భార్య ఖుర్షిదా టీలో కాస్త చక్కెర తగ్గించినా, డాక్టరుతో కలిసి ఏదో దాస్తోందనుకునే ఘటం.

కల్లాలు నిండుగా ఉన్న రోజుల్లో చెకప్‌కని గుంటూరు వెళ్తే, డాక్టరమ్మ కొత్త ప్రశ్నలు మొదలెట్టింది. కిడ్నీని నిలబెట్టే మాత్రలే, రోగాల్ని అడ్డుకునే ఒంటి కాపలాను తగ్గిస్తాయట. ఏళ్లు గడిచేకొద్దీ కొందరికి చర్మం మీద క్యాన్సర్ రావచ్చట. ఎవరికెంత ముప్పుందో ముందే అంచనా కడతారట.

"ఎండలో ఎక్కువ తిరుగుతారా? మానని పుండేమైనా ఉందా?"

కిడ్నీ డాక్టరుకి తోలుతో పనేంటి? కిడ్నీ చెడిపోతుంటే కప్పిపుచ్చడానికే ఈ నాటకమంతా, దీనికి నిజం చెప్పేదేంటి అనుకున్నాడు మాబు.

"నీడపట్టున పనండి. పుండ్లేం లేవండి," అన్నాడు, తలకి చుట్టిన తువ్వాలు చెవి మీదికి లాక్కుంటూ.

"మన చామనఛాయకి ముప్పు తక్కువే. మీరు చెప్పినదాన్ని బట్టి ఇంకా తక్కువ. అయినా ఒకసారి ఒళ్లంతా చూస్తాను."

బస్సు టైమైందని లేచొచ్చేశాడు.

నిజానికి పొద్దంతా ఎండ కల్లాల్లోనే తిరుగుతాడు. తువ్వాలు కింద పుండుంది. కల్లంలో ఒంటి మీద ఏం లేచినా మిరప మంటే అంటారు. మాబూ అదే అనుకుని కొబ్బరినూనె రాసుకుంటున్నాడు.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున దిండు మీద నెత్తురు చూసింది ఖుర్షిదా.

"ఏందయ్యా ఇది?"

"మిరప మంటేలే."

"కల్లాలెప్పుడో ఎత్తేశారు. ఇంట్లో కారం డబ్బా కూడా నువ్వు ముట్టవు. ఇంకా ఎక్కడి మిరప మంటయ్యా?"

మాబు చెవి తడుముకుని, వేలికంటిన నెత్తురు చూశాడు. ప్రతి కాయనీ విరిచి చూసేవాడు, సొంత పుండుని పైపైన చూసి వదిలేశాడు. భయమేసింది. భయంలోనూ అనుమానం పోలేదు.

"అంతా ఆ మాత్రల వల్లే. రేపట్నుంచి మానేస్తా. అసలు నువ్వూ డాక్టరమ్మా కలిసి నా దగ్గర ఏం దాచారో చెప్పు!"

"దాచింది నువ్వు!" ఖుర్షిదా భోరుమంది. "మాత్రలు మానితే పోయేది నా ఒంట్లోంచి కోసిచ్చిన కిడ్నీ. నువ్విలా పుండు దాచుకోడానికా నేను కోయించుకుంది?"

మర్నాడు డాక్టరమ్మ ముందు కూర్చుని మాబు తువ్వాలు విప్పేశాడు.

"ఆ రోజు చెప్పినవన్నీ అబద్ధాలండి. మళ్లీ మొదట్నుంచి అడగండి."